గీత పోయిన పాట

"ఆయన తినడు. నేను పెట్టను. నువ్వు మాట్లాడొద్దు," అని గురమ్మ సంగటి కుండ మీద మూత దబ్బున పడేసింది.

మూడో రోజు పొద్దున ఆ ఇంట్లో వినబడిన మొదటి మాట అది. కొడుకు ఓబులేసు పిలవని పెళ్ళికి వచ్చినవాడిలా గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కోడలు సుబ్బరత్నమ్మ తిరగలి ముందు కూర్చుని వట్టి తిరగలి తిప్పుతోంది. అందులో గింజలు లేవని అత్తగారు చూసింది. చూసి కూడా అడగలేదు.

"అమ్మా, నాయన దగ్గరికి పోయి నేను చెప్పొస్తా."

"ఏం చెప్తావు? రికార్డు చెరిపింది నేనేనని చెప్తావా?"

"నేను చెరపలేదు గదా!"

"అయితే దానికి కాళ్ళొచ్చి ఏటికి పోయి, పాటంతా కడుక్కొని వచ్చిందా?"

తిరగలి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ తిరిగింది.

శుక్రవారం సాయంత్రం తర్లుపాడు టూరింగ్ టాకీసులో జరిగిన అవమానానికి ఊరంతా సాక్షి. ఎనిమిదేళ్ళుగా ఆ డేరా మీది మైకులో ఆట మొదలయ్యే ముందు మోగే పాట ఒక్కటే. రాజ్యం పోగొట్టుకున్న రాజు అడవిదారిలో రాణిని బతిమాలుకునే పాట. అది వినబడితేనే గురమ్మ పొయ్యి వెలిగించేది. అది వినబడితేనే ఆమె మొగుడు కాటమరాజు గొర్రెలు తలలెత్తి దొడ్డిదారి పట్టేవి. ఆ శుక్రవారం మాత్రం ఆపరేటరు ఓబులేసు సూది ఆనించగానే మైకులోంచి, కాలిన పెనం మీద నీళ్ళు చిలకరించినట్టు, "స్‌స్‌స్" అని మాత్రమే వచ్చింది. రికార్డు తీసి దీపం దగ్గర పెట్టి చూస్తే దాని మీద ఒక్క గాడి లేదు. కొత్త పలకలా నల్లగా, నున్నగా మెరుస్తోంది.

కాటమరాజు అక్కడే, పదిమంది ముందు, కర్ర నేలకు తాటించి ఒట్టేశాడు. "ఆ పాట చెరిపినోళ్ళు నా ఇంట్లో ఉంటే నేనుండను. నేనుంటే వాళ్ళుండరు. త్రిపురాంతకం శివయ్య మీద ఒట్టు!"

కొత్త పాటలు వేయాలని ఏడాదిగా పోరుతున్నది ఓబులేసే కాబట్టి, ఆ ఒట్టు కొడుకు మీదేనని అందరూ అనుకున్నారు. కాటమరాజూ అదే అనుకున్నాడు. ఇల్లు వదిలి గొర్రెల దొడ్డిలో చేరాడు.

చెరిపింది ఎవరో, వట్టి తిరగలిని చూసిన మనకు తెలుసు. ఆ ఇంట్లో తిరగలికి తప్ప ఇంకెవరికీ తెలియదు.

*

పెట్టనన్న గురమ్మే గంట తిరగకుండా సంగటి, గోంగూర నెత్తిన పెట్టుకుని దొడ్డికి బయల్దేరింది. వెనక ఓబులేసు మజ్జిగ చెంబుతో నడిచాడు.

కాటమరాజు ఒక గొర్రెపిల్లను ఒళ్ళో పెట్టుకుని దాని చెవిలో గోమారి పురుగులు ఏరుతున్నాడు. కొడుకును చూడగానే ఆ పిల్లతోనే మాట్లాడడం మొదలుపెట్టాడు.

"చూసినావా, కర్నూలు రాజధాని అన్నారు. మూడేళ్ళు తిరగంగానే ఎత్తుకపోయి హైదరాబాదులో పెట్టినారు. సరే, అది మన చేతిలో లేదు. పాటన్నా ఉన్నచోట ఉండనీకూడదా వీళ్ళు?"

"నాయనా, నేను చెరపలేదు. నీ మీద ఒట్టు."

"నా మీద ఒట్టెయ్యొద్దు. నేనుండాల ఇంకా." కాటమరాజు మొదటిసారి తలెత్తాడు. "కొత్త పాటల్లో ఏముందిరా అంత? యాభై ఫిడేళ్ళు చేరి ఒకడి గొంతు మీద పడతాయి. ఏడ్చేటోడొకడు, పాడేటోడొకడు. ఏడ్చేటోడికి గొంతు లేదు, గొంతున్నోడికి ఏడుపు లేదు."

"గొంతున్నోళ్ళు పాడితే తప్పేంది? మీ రాజు ముక్కుతో పాడతాడు."

"అడవిలో పడ్డోడికి జలుబు చెయ్యదా?"

గురమ్మ నవ్వు ఆపుకోవడానికి గోంగూర ముద్దను అటూఇటూ జరిపింది.

"పోయిన నెల వేసినారే కొత్త బొమ్మ," అని కాటమరాజు కర్ర చూపించాడు. "ఇరవై దినాలు నువ్వే ఆడించినావు. అందులో ఒక పాట చెప్పు. ఒక్కటంటే ఒక్కటి, మొదలు నుంచి తుదిదాకా."

ఓబులేసు గొంతు సవరించుకున్నాడు. మొదటి చరణం బాగానే పోయింది. రెండో చరణంలో వెన్నెల వచ్చింది, వెన్నెల తర్వాత ఏమొస్తుందో గుర్తు రాలేదు. "లలలా" అని పూడ్చాడు.

"లలలా!" కాటమరాజు గొర్రెపిల్లను దించేశాడు. "విన్నావటే? ఆపరేటరుకే లలలా! మరి మా పాట? చిన్న పిల్లోణ్ణి లేపి అడుగు, చెప్తాడు. నా గొర్రెలకు తెలుసు ఆ పాట."

"గొర్రెలు డేరా కరెంటు ఇంజను చప్పుడుకు వస్తాయి నాయనా. మీ పాట గుర్తుండేది బాగుండి కాదు. ఎనిమిదేళ్ళు, రోజుకు రెండుసార్లు వేసినాం. అన్నిసార్లు వేస్తే గాడిద కూతైనా నోటికొస్తది."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. తండ్రి ముఖం చూసి ఓబులేసుకే ఆ సంగతి తెలిసింది. మజ్జిగ చెంబు అక్కడ పెట్టి తల వంచుకుని వెళ్ళిపోయాడు.

కాటమరాజు సంగటి ముట్టలేదు. గురమ్మ కూడా లేవలేదు. చాలాసేపు ఇద్దరూ గొర్రెలను చూస్తూ కూర్చున్నారు. చివరికి ఆమె గిన్నె తీసుకుని దొడ్డి తలుపుదాకా పోయి, ఎందుకో ఆగింది. వెనక ముసలాయన గొర్రెపిల్లను మళ్ళీ ఒళ్ళోకి తీసుకుని, దానికి మాత్రమే వినబడేలా ఏదో కూనిరాగం తీస్తున్నాడు.

"ఏమయ్యా! అది కోడలు తిరగలి దగ్గర పాడే కొత్త పాట గదా?"

"కాదు."

"కాదేంది? ఆ వెన్నెల పాటే."

కాటమరాజు గొర్రెపిల్ల చెవి నిమిరాడు. "ఇది పాతదే. మా తాతలనాటిది. వీళ్ళే దొంగిలించి ఫిడేళ్ళు పెట్టుకున్నారు."

*

మధ్యాహ్నానికి టాకీసు యజమాని రసూల్ దొనకొండ నుంచి వచ్చాడు, చంకలో ఒక గుడ్డమూటతో. మూట విప్పితే అందులో ఇంకో గుడ్డ. అది కూడా విప్పితే రికార్డు.

"మా అక్క రహమత్‌బీ పెట్టెలో దొరికింది," అన్నాడు ఓబులేసుతో. "అదే పాట, అదే మనిషి. పెళ్ళిలో వేసి దాచిపెట్టింది. ఒక్క గీత లేదు. పో, మీ నాయనను పిలుచుకొనిరా. ఇంజను వేస్తా."

కాటమరాజు డేరా లోపలికి రానన్నాడు. బయట మైకు కింద, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పక్కన ఆయన ఈడువాడు యల్లయ్య నిలబడ్డాడు. యల్లయ్యకు ఒక చెవి వినబడదు గానీ, పాటల సంగతిలో ఊళ్ళో ఆయన మాటకు ఎదురులేదు.

రాజు మొదలుపెట్టాడు. ఆ గొంతే, ఆ ముక్కే. కాటమరాజు కళ్ళు మూసుకున్నాడు. రసూల్ సంతోషంగా ఓబులేసు భుజం తట్టాడు. పాట ఆ మాట దగ్గరికి వచ్చింది: "ముళ్ళ దారిలో నన్ను విడిచి పోబోకే." ఒకసారి అని, రాజు తర్వాతి చరణంలోకి నడిచి వెళ్ళిపోయాడు.

కాటమరాజు కళ్ళు తెరిచాడు.

"ఎవరిది ఈ పాట?"

"అన్నా, అదే గదా. పేరు చూడు, దాని మీదే రాసి ఉంది."

"పేరు అదే రాస్తారు. మనిషి మారినాడు. మా రాజు 'పోబోకే' అని నాలుగుసార్లు అనేటోడు. మూడోసారికి నాకు గొంతు పూడుకొచ్చేది. నాలుగోసారికి ఆడోళ్ళు కళ్ళు ఒత్తుకునేటోళ్ళు. వీడెవడో ఒకసారి అని, పనైపోయినట్టు దులుపుకొని పోయినాడు. పెళ్ళాం పోతా ఉంటే ఒక్కసారి అంటారా రసూలూ ఎవరన్నా?"

రసూల్ వేలితో గాల్లో గీత గీసి చూపించాడు. "అన్నా, అది పాట కాదు. పాత రికార్డు మీద గీత ఉండె. సూది అక్కడ ఇరుక్కొని అన్నదే అనేది. నాలుగుసార్లు అయినాక ఓబులేసు వేలితో దాటించేటోడు."

"అంటే ఎనిమిదేళ్ళు మమ్మల్ని ఏడిపించింది ఆ రాజు కాదు, నా కొడుకు వేలా?"

"అంతే గదా అన్నా."

"యల్లయ్యా, విన్నావా? గీతంట!"

"శానా బాగా పాడినాడు," అన్నాడు యల్లయ్య. తర్వాత తిరిగి అడిగి తెలుసుకుని, "కాదు కాదు, నాలుగుసార్లు అనాల్సిందే," అని తేల్చేశాడు. చుట్టూ చేరినవాళ్ళంతా తలలూపారు. ఎనిమిదేళ్ళలో ఆ ఊళ్ళో ఒక్కరు కూడా ఆ పాటను గీత లేకుండా విని ఎరగరు. ఎద్దుల వెనక, మగ్గాల దగ్గర, ఉయ్యాల ఊపుతూ పాడుకునే అందరూ నాలుగుసార్లే పాడుకుంటారు. ఇప్పుడు అసలు పాట వచ్చి ఎదురుగా నిలబడితే దాన్ని దొంగసరుకు అని వెళ్ళగొట్టారు.

"కొత్తకాలం గాలి పాత పాటకు కూడా తగిలింది," అని కాటమరాజు దొడ్డిదారి పట్టాడు.

*

ఓబులేసు రికార్డుతో ఇంటికి వచ్చి చూరు కింద కూలబడ్డాడు. గురమ్మ ఇంట్లో లేదు, నీళ్ళకు పోయింది. సుబ్బరత్నమ్మ వచ్చి ఎదురుగా నిలబడింది. పెళ్ళయి ఆరు నెలలైనా పగటిపూట మొగుడితో ఎదురుగా నిలబడి మాట్లాడడం ఆమెకు ఇంకా అలవాటు కాలేదు.

"ఇనప మేకుందా?" అంది.

"ఎందుకు?"

"అంచు నుంచి మూడు వేళ్ళు లోపలికి. కొంచెం ఏటవాలుగా. గోరంత పొడుగు. ఆ గీతే గదా కావాల్సింది?"

ఓబులేసు భార్యను చూశాడు. తర్వాత రికార్డును చూశాడు. మళ్ళీ భార్యను చూశాడు.

"ఆ గీత యాడుండేదో నాకే సరిగా తెలీదు. నీకెట్ల తెలుసు?"

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది. అవి అప్పటికే పొడిగా ఉన్నాయి.

"గురువారం నువ్వు దాన్ని ఇంటికి తెచ్చినావు గదా. ఈ గీత పోతేగాని రసూల్ మామ నన్ను పనిలో ఉంచుకోడని అన్నావు. నేను విన్నా. మా నాయన పలకల కార్ఖానాలో పలక మీద గీత పడితే నీళ్ళు చల్లి ఇసుకరాయితో రుద్దుతాం. తర్వాత మెత్తరాయి. ఆ తర్వాత బొగ్గుపొడి. మరునాడు మధ్యాహ్నమంతా కూచున్నా. చేతులు బొబ్బలెక్కినాయి. ఎంత బాగొచ్చిందో తెలుసా? నువ్వు చూసి సంతోషపడతావనుకున్నా. నువ్వు చూడకుండానే సంచిలో పెట్టుకొని పోయినావు."

ఓబులేసు ఆమె అరచేతులు తిప్పి బొబ్బలు చూశాడు.

"పాట పైనే ఉంటదని నాకు తెలీదు," అంది ఆమె. "లోపలుంటదనుకున్నా. పలకలో రాయి ఉన్నట్టు."

అతనికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకున్నాడు. తనకోసం ఎవరూ ఇంత కష్టపడి ఇంత నాశనం చేసిపెట్టలేదు. పిచ్చిది, అనుకున్నాడు. నా పిచ్చిది, అని కూడా అనుకున్నాడు.

"నాయనకు చెప్పొద్దు. ఒట్టు పెద్దది. నేనే చెరిపినానని ఒప్పుకుంటా. డేరాలో పడుకుంటాలే కొన్నాళ్ళు."

"నువ్వు డేరాలో, మామ దొడ్డిలో. ఇంట్లో నేనూ అత్తా, తిరగలీనా?" ఆమె చెయ్యి చాచింది. "మేకియ్యి."

"పోయినసారి రుద్దినావు. ఈసారి పగలగొడితే?"

"పలక మీద గీత పడితే మా నాయన నా వీపు చీరేటోడు. గీత యాడ ఎట్ల పడతదో నాకంటే ఎవరికి తెలుసు?"

మేకు కొనను గోడకు నూరి, ఊపిరి బిగబట్టి, మూడు వేళ్ళు కొలిచి, ఒక్కసారి లాగింది. కీచుమని చిన్న చప్పుడు వచ్చింది. ఓబులేసు కళ్ళు గట్టిగా మూసుకున్నాడు.

"మీ నాయన చెప్పేది నిజమేనేమో," అంది ఆమె దుమ్ము ఊదుతూ. "కొత్త పాటలు గుర్తుండకపోయేది వాటి మీద గీతలు పడక."

*

సాయంత్రం మైకు గురగురమంది. దొడ్డిలో కాటమరాజు వినకూడదని పట్టుదలగా అటు తిరిగి కూర్చున్నాడు. రాజు పాడాడు. ముళ్ళదారి వచ్చింది.

"పోబోకే."

కాటమరాజు వీపు కదిలింది.

"పోబోకే. పోబోకే. పోబోకే."

నాలుగు. కచ్చితంగా నాలుగు. అప్పుడు రాజు నిట్టూర్చి తర్వాతి చరణంలోకి వెళ్ళాడు. కొండవారన మేస్తున్న గొర్రెలు తలలెత్తాయి. ఇంజనుకో, పాటకో, అవి చెప్పవు. యల్లయ్య వీధిలోకి వచ్చి కర్ర పైకెత్తి, "వచ్చినాడురా మనోడు!" అని అరిచాడు.

కాటమరాజు ఏడుస్తూ, ఆ ఏడుపుకు సిగ్గు పడకుండా, డేరా దగ్గరికి వెళ్ళి కొడుకును బయటికి పిలిచాడు.

"యాడ దొరికినాడురా?"

"దొరికినాడులే నాయనా."

"పదరా, ఇంటికి పోదాం. ఆకలైతాంది."

ఆట మొదలవడానికి ఇంకా సమయం ఉంది. రెండోసారి పాట వేసే పని రసూల్‌కు అప్పజెప్పి ఓబులేసు తండ్రి వెంట నడిచాడు. దారి పొడుగునా కాటమరాజు పాత పాటల గొప్ప చెబుతూనే ఉన్నాడు. ఒట్టు సంగతి ఎత్తలేదు. మరిచిపోయాడేమోనని ఓబులేసు ఆశపడ్డాడు.

గురమ్మ ఏమీ అడగకుండా పీట వేసింది. సుబ్బరత్నమ్మ తలుపు చాటున నిలబడింది. కాటమరాజు మూడు రోజుల ఆకలి ఒక్కసారే తీర్చుకుంటున్నాడు. సంగటి రెండోసారి పెట్టించుకుని, "మజ్జిగ పొయ్యి," అన్నాడు.

గురమ్మ మజ్జిగ కుండ జరిపి మూత తీసి పక్కన పెట్టింది. ఆ మూత గుండ్రంగా, నల్లగా ఉంది. మధ్య చిల్లిలో గుడ్డపీలిక కుక్కి ఉంది.

"ఏందే ఇది?"

"ఇంకేంది, పాట పోయిన రికార్డు. పారేయబుద్ధి కాలేదు. మూతకు పనికొస్తదని పెట్టినా."

కాటమరాజు ఎడమచేత్తో దాన్ని అందుకున్నాడు. శుక్రవారం దూరం నుంచి చూశాడే గానీ చేత్తో ముట్టుకోలేదు. బొటనవేలితో దాని మీద మెల్లగా రాశాడు. అంచు నుంచి మధ్యకు, మధ్య నుంచి అంచుకు. ఎక్కడా గరుకు తగలలేదు.

ఆయన ముఖంలో నవ్వు నెమ్మదిగా పోయింది.

ఏడాది కిందట మార్కాపురంలో పలకల కార్ఖానాకు పిల్లను చూడ్డానికి పోయినప్పుడు, సుబ్బరత్నమ్మ తండ్రి అంకన్న తన కూతురు అరగదీసిన పలకను ఆయన చేతికి ఇచ్చాడు. అప్పుడు కూడా ఇట్లాగే బొటనవేలితో రాసి చూశాడు. 'ఇంత ఓపికున్న పిల్ల మా ఇంటికి రావాల' అని అక్కడికక్కడే మాటిచ్చాడు. తర్వాత ఊళ్ళో నెలరోజులు అదే చెప్పుకుని తిరిగాడు.

"ఈ నునుపు," అన్నాడు, "మా ఓబులేసు చేతికి రాదు."

గురమ్మ మొగుణ్ణి చూసి, తలుపు వైపు చూసి, వట్టి తిరగలిని తలుచుకుని, కుండ మీద చెయ్యి అలాగే ఉంచేసింది.

"నేనే చెరిపినా నాయనా!" ఓబులేసు లేచాడు.

"కూచోరా. నీకు గోడకు సున్నం కొట్టేదే సరిగా రాదు."

సుబ్బరత్నమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. ఆ ఇంట్లో అడుగుపెట్టిన నాటి నుంచి మామగారితో ఆమె నేరుగా ఒక్క మాట అనలేదు.

"నేనే మామా."

కాటమరాజు చెయ్యి సంగటిలోనే ఉంది. పదిమంది ముందు కర్ర తాటించి వేసిన ఒట్టు ఆయన గొంతుకు అడ్డం పడింది. మింగలేడు, కక్కలేడు. ఈ పిల్లను ఏరి తెచ్చుకున్నది తను. ఆ దేవుడి పేరు తలిచిందీ తనే.

ఆయన మౌనాన్ని ఆమె మరోలా అర్థం చేసుకుంది. లోపలికి పోయి రెండు చీరలు మూటగట్టుకుని వచ్చింది. అత్త కాళ్ళకు మొక్కింది. గురమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది గానీ, ఒట్టు మీద ఏం మాట్లాడాలో తెలియక మొగుడి వైపే చూసింది. సుబ్బరత్నమ్మ మెల్లగా చెయ్యి విడిపించుకుని గడప దగ్గరికి నడిచింది. ఒక కాలు బయట పెట్టింది.

ఊరి చివర మైకు గురగురమంది. రసూల్ రెండోసారి పాట వేశాడు. వేసి, ఎప్పటిలాగే టికెట్ల దగ్గరికి పోయి ఉంటాడు. ముళ్ళ దారి వచ్చింది.

"పోబోకే."

ఇంట్లో ఎవరూ కదల్లేదు.

"పోబోకే. పోబోకే. పోబోకే."

నాలుగయ్యాయి. దాటించే వేలు ఇక్కడ, ఈ ఇంట్లో ఉంది. ఐదోసారి అన్నాడు రాజు. ఆరోసారి అన్నాడు. ఏడు, ఎనిమిది. వీధిలో ఎవరో నవ్వారు. డేరా దగ్గర ఈలలు వినబడ్డాయి. రాజు మాత్రం ఎవరినీ లెక్కచెయ్యకుండా బతిమాలుతూనే ఉన్నాడు.

"నేను పోయి సూది దాటించొస్తా," అని ఓబులేసు లేవబోయాడు.

"కూచోరా," అన్నాడు కాటమరాజు. కళ్ళు గడప మీదే ఉన్నాయి. "పాడనీ ఇంకొంచెం సేపు."

సుబ్బరత్నమ్మ రెండో కాలు ఇంకా గడప లోపలే ఉంది.